కొండ మీద మరో జత కళ్లు

ఇంగ్లండ్ దక్షిణ తీరం వెంబడి సౌత్ డౌన్స్ అని సుద్దరాతి కొండల వరుస ఉంది. కొండలనగానే మన అరకు కొండల్ని ఊహించుకోవద్దు. చాలాచోట్ల రెండొందల మీటర్ల చిల్లర ఎత్తు, పైన గడ్డి, ఆ గడ్డి మేసే గొర్రెలు. అయితే ఒక్కో వాలు ఒక్కో దిక్కు గాలికి ఎదురొడ్డి నిలబడి ఉంటుంది. అందుకే 1970ల నుంచి ఇక్కడ హ్యాంగ్ గ్లైడర్లు ఎగురుతున్నాయి, ఆ తర్వాత పారాగ్లైడర్లు వచ్చి చేరాయి. నా పని ఈ కొండల మీదే. పనిదినాల్లో ఒక స్కూల్లో పారాగ్లైడింగ్ నేర్పుతాను, శని ఆదివారాలు క్లబ్ కోచ్‌గా నిలబడతాను. స్కూలు జీతమిస్తుంది, క్లబ్ ఇవ్వదు. అయినా ఈ ఆటలో మనుషులు క్షేమంగా ఇంటికి చేరుతున్నారంటే సగానికి పైగా కారణం ఆ జీతంలేని పనే అని నా నమ్మకం. రెక్కలు బాగుపడ్డాయి, హెల్మెట్లు బాగుపడ్డాయి, కొండ మీద గాలి ఎంతుందో ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూసుకోవచ్చు. ఎన్ని ఉన్నా, పైలట్‌కి తను ఏం చేస్తున్నాడో పూర్తిగా కనబడదు. పక్కవాడికి కనబడుతుంది.

స్కూల్లో నేర్చుకునేటప్పుడు చెవిలో రేడియో ఉంటుంది. కొంచెం ఎడమ బ్రేకు, ఇప్పుడు వదులు, కాళ్లు దించు అని ఇన్‌స్ట్రక్టర్ చెబుతూనే ఉంటాడు. ఎలిమెంటరీ పైలట్, తర్వాత క్లబ్ పైలట్ అని సర్టిఫికెట్లు ఇచ్చేది ఇక్కడి జాతీయ సంఘం బీహెచ్‌పీఏ. రెండో సర్టిఫికెట్ చేతికొచ్చాక రేడియో ఉండదు. సొంత రెక్క కొనుక్కుని, కొండ మీదికి సొంతంగా వచ్చి, ఎగరాలో వద్దో సొంతంగా తేల్చుకోవాలి. నేను నేర్పినవాళ్ల గురించి నాకు నిద్రపట్టని రోజులు ఆ తర్వాతే మొదలవుతాయి. శిక్షణలో ఉన్న మనిషి భయంతో జాగ్రత్తగా ఉంటాడు. గాలిలో కొన్ని గంటలు గడిచాక ఆ భయం తగ్గుతుంది, అనుభవం మాత్రం అంత త్వరగా పెరగదు. కొత్త పైలట్లు హార్నెస్‌కి ఎర్ర రిబ్బన్ కట్టుకుని ఎగిరే ఆచారం ఇక్కడుంది. అది చూసి మిగతావాళ్లు వాళ్లకు కాస్త ఎక్కువ చోటిస్తారు. కొండ మీద నా మొదటి పని ఆ రిబ్బన్లు ఎక్కడున్నాయో చూసుకోవడం.

గాలి లెక్క ఇక్కడ కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతి మాట అర్థం కాదు. మామూలు పారాగ్లైడర్ బ్రేకులు వదిలేస్తే గంటకు 36 నుంచి 38 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఎదురుగాలి 20 ఉంటే నేల మీద లెక్కకు 16 నుంచి 18 మిగులుతుంది. గాలి 37కి చేరితే రెక్క ఉన్నచోటే నిలబడిపోతుంది. అంతకు మించితే వెనక్కి పోతుంది. వెనక ఉన్నది కొండ అవతలి వాలు. శిఖరం దాటిన గాలి అక్కడ కిందికి దొర్లి సుడులు తిరుగుతుంది, దాన్నే రోటర్ అంటాం. అందులో పడితే రెక్కకు ఆకారం నిలవదు. కాలితో స్పీడ్ బార్ తొక్కి వేగం 50 దాకా పెంచొచ్చు, నిజమే. కానీ ఆ వేగంలో రెక్క ముందంచు ముడుచుకుంటే దెబ్బ చాలా తీవ్రంగా ఉంటుంది. పైగా శిఖరం దగ్గర గాలి ఇరుకున పడి ఇంకా జోరందుకుంటుంది. కింద నిలబడినప్పుడు చల్లగా హాయిగా తగిలిన గాలి, యాభై మీటర్లు పైకి పోయేసరికి మనిషిని వెనక్కి నెట్టొచ్చు. హ్యాంగ్ గ్లైడర్లకు వేగం ఎక్కువ కాబట్టి మేం సర్దుకునే గాలిలో వాళ్లు సామాను విప్పుతారు. ఒకే కొండ మీద ఉదయం మావాళ్లు, మధ్యాహ్నం వాళ్లు ఎగరడం ఇక్కడ మామూలే.

బ్రైటన్‌కి ఉత్తరాన డెవిల్స్ డైక్ అని ఒక కొండ ఉంది, 217 మీటర్లు. దాని వాలు ఉత్తరానికి చూస్తుంది. సముద్రం వెనక, దక్షిణాన. వసంతంలో ఉత్తరగాలి సన్నగా వీచే ఎండ రోజున పొద్దున్నే ఇక్కడ స్వర్గంలా ఉంటుంది. కింద పాయినింగ్స్ ఊరి చర్చి, పచ్చని పొలాలు, అక్కడి నుంచి పైకి లేచే వేడిగాలి, అంటే థర్మల్స్. కానీ అదే ఎండ నేలను వేడెక్కించి మధ్యాహ్నానికి సముద్రపు గాలిని పిలుస్తుంది. అది వచ్చేది వీపు వైపు నుంచి. ఉత్తరగాలి మీద ఆధారపడి ఎగురుతున్నవాళ్ల కింద వాలంతా కాసేపట్లో రోటర్‌గా మారిపోతుంది.

నేను పెరిగింది భీమిలి ఒడ్డున. రాత్రి నేల మీంచి వీచే గాలికి తెరచాప ఎత్తి, పగలు సముద్రం మీంచి మళ్లే గాలితో ఇంటికొచ్చే పడవల లెక్క అక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. డైక్ మీద నేను చూసేది కూడా ఆ మళ్లే ఘడియనే. సముద్రంలో రాంపియన్ అనే పవన విద్యుత్ క్షేత్రం ఉంది, 116 టర్బైన్లు. వాతావరణం తేటగా ఉంటే కొండ మీంచి వరసలు వరసలుగా కనబడతాయి. టర్బైన్ ఎప్పుడూ గాలికే ముఖం పెడుతుంది. పొద్దున ఉత్తరానికి తిరిగి ఉన్నవి ఆగి, నెమ్మదిగా దక్షిణానికి మళ్లుతుంటే మాకు కబురు అందినట్టే. తీరం మీద దూదిమేఘాలు కరిగిపోయి ఆకాశం ఖాళీ అవుతుంది. అది చూసిన పాత పైలట్లు మారుమాట లేకుండా దిగి రెక్క మడతపెట్టేస్తారు.

అలాంటి ఒక ఏప్రిల్ మధ్యాహ్నం. ముప్పై ఏళ్లకు పైగా ఈ కొండ మీద ఎగురుతున్న పెద్దాయన దిగి సంచీ కట్టేశాడు. పక్కనే ఎర్ర రిబ్బన్ కుర్రాడు రెక్క పరుస్తున్నాడు. పొద్దున ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా వచ్చాడు, వారమంతా ఈ రోజు కోసమే ఎదురుచూశాడు. దగ్గరికి వెళ్లి, "విండ్‌సాక్‌ని ఒక్క రెండు నిమిషాలు చూడు, ఆ తర్వాత నువ్వెలా అంటే అలా" అన్నాను. చూశాడు. విండ్‌సాక్ లేచింది, వాలిపోయింది, కాసేపు పక్కకు తిరిగింది, మళ్లీ లేచింది. "తగ్గుతోంది అంతేగా, కాసేపు ఆగితే మళ్లీ వస్తుంది కదా?" అన్నాడు. "వస్తుంది. ఎటు నుంచి?" అన్నాను. తల తిప్పి సముద్రం వైపు చూశాడు. హార్నెస్ విప్పి గడ్డి మీద కూర్చున్నాడు. కాసేపటికి మా మెడ వెనక చల్లగాలి తగిలింది. ఆ కుర్రాడే ఇప్పుడు ఆ విండ్‌సాక్ దగ్గర కొత్తవాళ్లను కూర్చోబెట్టి అదే ప్రశ్న అడుగుతున్నాడు.

ఎగరొద్దు అని ఆజ్ఞాపించే అధికారం కోచ్‌కి లేదు. అది ఉండాలని నేను కోరుకోను కూడా. ఆజ్ఞకు లొంగి ఆగినవాడు, నేను లేని రోజు ఆగడు. తనే చూసి ఆగినవాడికి ఆ చూపు మిగులుతుంది. కష్టమల్లా అనుభవజ్ఞులతో. ఇరవై ఏళ్ల పైలట్‌తో "మీ కుడి బ్రేకు తాడు రైజర్ పట్టీ చుట్టూ మెలిక పడినట్టుంది, ఒకసారి చూస్తారా?" అనడం కుర్రాడితో అన్నంత తేలిక కాదు. నలుగురి ముందు అనకూడదు. పక్కకు వెళ్లి, ప్రశ్నగా, మెల్లిగా. మా క్లబ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన అలవాటు ఏమిటంటే, ఎంత పెద్దవాళ్లయినా ఆ మాటకు ముందు థాంక్స్ చెబుతారు, తర్వాత తాడు చూసుకుంటారు. ఆ క్రమం ఊరికే రాలేదు. దానికి ముందు తరం ఏళ్లు పట్టి అలవాటు చేసింది.

హ్యాంగ్ గ్లైడింగ్‌లో ఈ రెండోమనిషి పాత్ర ఇంకా స్పష్టంగా ఉంటుంది. పైలట్ లాంచ్‌కి రాగానే మరొకరు ముందుకొచ్చి ముక్కు దగ్గరి తీగలు పట్టుకుంటారు. పైలట్ రెక్క కింద బోర్లా వాలి, హార్నెస్ నిజంగా తగిలించి ఉందా, కంట్రోల్ బార్‌కి ఎంత ఎత్తులో వేలాడుతున్నాడు అని చూసుకుంటాడు. దీన్నే హ్యాంగ్ చెక్ అంటారు. తగిలించుకోకుండా పరుగెత్తడం అసాధ్యమని బయటివాళ్లకు అనిపిస్తుంది. అన్నీ సిద్ధం చేసుకుని, గాలి కోసం ఆగి, ఏదో గుర్తొచ్చి విప్పుకుని, మళ్లీ వచ్చి నిలబడినప్పుడు మనసు "తగిలించాను" అనే చెబుతుంది. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్ దగ్గర పైలట్‌తో పాటు ప్రయాణికుణ్ణి మోసే టాండెం హ్యాంగ్ గ్లైడర్ ఒకటి ఆ ప్రయాణికుణ్ణి తగిలించకుండానే గాలిలోకి లేచింది. ఆయన రెండు నిమిషాలకు పైగా చేతులతో పట్టుకుని వేలాడి, దిగేటప్పుడు మణికట్టు విరిగినా ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. మా క్లబ్ సమావేశంలో అది వేసినప్పుడు ఒక్కరూ ఆ పైలట్‌ని తిట్టలేదు. ఆ లాంచ్ మీద మూడో మనిషి ఏం చేస్తున్నాడు అన్నదాని మీదే చర్చంతా సాగింది.

చలికాలంలో ఎగిరే రోజులు తక్కువ. ఆ కాలంలో క్లబ్ చేసే పనుల్లో నా మనసుకు దగ్గరైనది, రెక్క పనిచేయనప్పుడు విసిరే రిజర్వ్ పారాచూట్ల రోజు. ఒక స్పోర్ట్స్ హాలు అద్దెకు తీసుకుంటాం. బాల్కనీ నుంచి ఎదురుగోడ దాకా వాలుగా తాడు కడతారు. పైలట్ హెల్మెట్ పెట్టుకుని, తన సొంత హార్నెస్‌లో కూర్చుని, ఆ తాడుకు వేలాడుతూ జారతాడు. ఊరికే జారనివ్వరు, వెనక నుంచి ఒకరు గట్టిగా తిప్పి వదులుతారు. నిజంగా రెక్క ముడుచుకుని సుడి తిరిగేటప్పుడు ఉండే అయోమయం కొంతైనా తెలియాలి కదా. "ఇప్పుడు!" అని అరుపు. చూడాలి, పిడి పట్టాలి, లాగాలి, విసరాలి. ఏడాదంతా వాడని చేయి ఆ క్షణంలో ఎటు పోతుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. కొందరి చేయి పాత హార్నెస్‌లో పిడి ఉన్నచోట తడుముతుంది. కొందరు పిడిని పట్టుకుంటారు గానీ పక్కకు లాగాల్సింది పైకి లాగుతారు. కొందరి వెల్క్రో కదలక కదలక అతుక్కుపోయి ఉంటుంది.

ఒక చలికాలం ఒకావిడ కొత్త హార్నెస్ కొనుక్కుని, పాత రిజర్వ్‌ని అందులో పెట్టించుకుని వచ్చారు. తాడు మీద జారుతూ సరిగ్గా పిడి పట్టారు, సరిగ్గా లాగారు. రాలేదు. రెండు చేతులతో లాగినా రాలేదు. దించి, హార్నెస్‌ని నేల మీద పెట్టి అందరం చుట్టూ చేరాం. పిడి నుంచి రెండు పట్టీలు పోతాయి: ఒకటి అర మూతను పట్టి ఉంచే పిన్నులకు, రెండోది లోపలి సంచికి. ముందు పిన్నులు ఊడాలి, ఆ తర్వాతే సంచి మీద లాగుడు పడాలి. ఆవిడ దాంట్లో సంచి పట్టీ రెండు వేళ్లంత పొట్టిగా ఉంది. పిన్నులు ఊడకముందే సంచి మూతకు అడ్డం పడి బిగుసుకుంటోంది. ఎంత బలంగా లాగితే అంత బిగుస్తుంది. హార్నెస్ మంచిదే, రిజర్వూ మంచిదే, కలిపి చూసినవాళ్లే లేరు. ఆవిడ అంతకుముందు వేసవంతా దానితోనే ఆల్ప్స్‌లో ఎగిరి వచ్చారు.

ఆ తర్వాత మడత పని. పారాచూట్‌ని గాలికి ఆరబెట్టి, హాలు పొడవునా పరిచి, తాళ్లు ఒక్కొక్కటీ చిక్కు లేకుండా చూసి, గుడ్డ పలకలు రెండు వైపులా సమానంగా వచ్చాయా అని లెక్కపెడతాం. మడతలు జారకుండా పైన చిన్న బరువుల సంచులు పెడతాం. తాళ్లను పాము మడతలుగా చుట్టి రబ్బరు బ్యాండ్లలో దోపుతాం. పాతబడ్డ బ్యాండ్లు పారేసి కొత్తవే వేయాలి, పాతవి అంటుకుపోతాయి. చివరికి తాత్కాలికంగా వాడిన తాళ్లూ బరువులూ అన్నీ పెట్టెలోకి లెక్క ప్రకారం తిరిగొచ్చేదాకా ఎవరి సంచీ మూయరు. లోపల ఒక్క బరువు మిగిలిపోయినా ఆ పారాచూట్ తెరుచుకుంటుందన్న నమ్మకం ఉండదు. మడతపెట్టినవాళ్లు ఒకరు, సరిచూసేవాళ్లు మరొకరు. సాయంత్రానికి మోకాళ్లు పట్టేస్తాయి, టీ కెటిల్ ఎన్నిసార్లు మరిగిందో తెలియదు. ఏడాది పొడవునా గాలిలో దూరం నుంచి రంగుల్ని బట్టి గుర్తుపట్టుకునే మనుషులు ఆ రోజు ఒకరి ప్రాణాన్ని మరొకరు మోకాళ్ల మీద కూర్చుని మడతపెడతారు.

ప్రమాదాల నివేదికలు కూడా చలికాలంలోనే చదువుతాం. ప్రమాదం జరిగినా, త్రుటిలో తప్పినా బీహెచ్‌పీఏకి రాసి పంపాలి. పెద్దవాటిపై విచారణ జరిపి నివేదిక వేస్తారు. ఎవరు అన్నది కాదు, ఎలా అన్నదే అందులో ముఖ్యం. ఈ అలవాటు ఎంత మేలు చేసిందో పాత హ్యాంగ్ గ్లైడర్ల చరిత్ర చెబుతుంది. 1970ల్లో తొలితరం గ్లైడర్లు ముక్కు ఒక హద్దు దాటి కిందికి వాలితే తెరగుడ్డ వదులై డైవ్‌లోంచి తేరుకునేవి కావు. చాలామంది యువకులు అలా పోయారు. పోయినవాళ్లకు చేతకాలేదని సరిపెట్టుకుని ఉంటే అక్కడితో ఆట ముగిసేది. ఎగిరేవాళ్లే సంఘాలుగా ఏర్పడి, గ్లైడర్లను వాహనాల మీద బిగించి రోడ్ల మీద పరుగెత్తించి, ఏ కోణంలో ఏ బలం పుడుతోందో కొలిచారు. డైవ్‌లో ముక్కును తిరిగి పైకెత్తే తీగలు, సర్టిఫికేషన్ పరీక్షలు అలా వచ్చాయి. 2007లో ఆస్ట్రేలియాలోని మనిల్లా దగ్గర జర్మన్ పైలట్ ఎవా విష్నియెర్స్కాను ఉరుముల మేఘం 9,946 మీటర్ల ఎత్తుకు లాక్కుపోయింది. ఆమె స్పృహ తప్పి, మళ్లీ తేరుకుని, బతికి దిగింది. అదే మేఘంలో చిక్కుకున్న చైనా పైలట్ హె ఝోంగ్‌పిన్ బతకలేదు. ఆమె జీపీఎస్ రికార్డును మేం ప్రతి కొత్త బృందానికీ చూపిస్తాం. మేఘాల వేగం గురించి ఎన్ని గంటలు చెప్పినా రాని మార్పు ఆ గీత చూస్తే వస్తుంది.

రైతుల మాట చెప్పకపోతే క్లబ్ గురించి సగమే చెప్పినట్టు. ఈ కొండల్లో చాలా భాగం ఎవరో ఒకరి గొర్రెల మేత భూమి. గొర్రెలు ఈనే కాలంలో కొన్ని చోట్ల మేం ఎగరం. గేటు ఎలా ఉందో అలాగే వదిలిరావాలి, కుక్కను విప్పకూడదు, పంటలో దిగకూడదు. క్రిస్మస్‌కి ఎగిరే చోట్ల బాధ్యత చూసే మా సైట్స్ ఆఫీసర్ ఒక్కో రైతు ఇంటికీ వెళ్లి విస్కీ సీసా ఇచ్చి, టీ తాగి, ఏడాది ఫిర్యాదులన్నీ విని వస్తాడు. ఎవరో ఒకరు గేటు తీసి వదిలేసినందుకు కొండే చేజారిపోయిన ఊళ్లున్నాయి. ఒక కొండ పోతే మిగిలిన కొండ మీద జనం పెరుగుతారు, ఇరుకు పెరుగుతుంది. ఇరుకున్నచోట ఢీకొట్టుకునే ముప్పు ఎక్కువ. ఎదురెదురుగా వస్తే కొండ ఎవరి కుడివైపు ఉంటే వాళ్లకు దారి. థర్మల్‌లో మొదట చేరినవాడు ఎటు తిరిగితే అందరూ అటే. పైన ఉన్నవాడు కిందివాడికి దారివ్వాలి, ఎందుకంటే కిందివాడికి తన రెక్కే అడ్డు. నియమాలు ఇంతే. పాటించే చోటు ఉండాలంటే రైతుతో టీ తాగాలి.

ఇక్కడ చదువుకునే మన పిల్లలు ఫోన్ చేసి, "అన్నా, మనాలీ వెళ్తున్నాం, పారాగ్లైడింగ్ చేయొచ్చా?" అని అడుగుతుంటారు. చేయొచ్చనే చెబుతాను. హిమాచల్‌లోని బీర్ బిల్లింగ్ ప్రపంచంలోని గొప్ప చోట్లలో ఒకటి. 2015లో అక్కడ ప్రపంచ కప్ పోటీ జరిగింది. హిమాచల్‌లో వానల కాలంలో రెండు నెలలు ఎగరడం నిషేధం, పైలట్లకు లైసెన్సు ఉండాలి. అయితే 2024 ఫిబ్రవరిలో కులు దగ్గర దోభీలో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక యువతి టాండెంలోంచి పడి చనిపోయారు. బెల్టు సరిచూడలేదని అప్పట్లో అధికారులు చెప్పారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. లాంచ్ మీద రెండో మనిషి ఒక్కసారి చేయి పెట్టి చూస్తే సరిపోయే పని అది.

టాండెం పైలట్ల సంపాదన ఎన్నిసార్లు ఎగిరితే అంత. గాలి బాగాలేదని ఆగినవాడు ఆ రోజు కూలి పోగొట్టుకుంటాడు, పక్కవాడు ఎగిరి డబ్బు చేసుకుంటాడు. ఆగడం వల్ల వచ్చే నష్టం ఒక్కడి మీద పడినంత కాలం అందరూ ఎగురుతారు. సీజన్ ఆదాయంలోంచి కొంత పక్కకు తీసి, ఎగరని రోజున అందరికీ పంచే పద్ధతి పైలట్ల సంఘాలు పెట్టుకోవాలి. లైసెన్సుల తనిఖీ కన్నా దానివల్లే ఎక్కువ మేలని నేను గట్టిగా నమ్ముతాను. అది వచ్చేదాకా ఎగరబోయేవాళ్లు ఇంత చేయండి. వరుసలో ముందే నిలబడకుండా ఓ అరగంట పక్కన కూర్చుని చూడండి: ఒక పైలట్ సామానును మరో పైలట్ చూస్తున్నాడా, లేక ఎవరి తొందరలో వాళ్లున్నారా. రిజర్వ్ ఉందా, ఆఖరిసారి ఎప్పుడు మడతపెట్టారు అని అడగండి. తెలిసినవాళ్లు వెంటనే చెబుతారు. రెండు కాళ్ల పట్టీలూ, ఛాతీ పట్టీ బిగించాక మీ చేత్తో గట్టిగా లాగి చూసుకోండి, మీతో వచ్చినవాళ్లనూ దగ్గరికి పిలిచి లాగి చూడమనండి. ఏదైనా వదులుగా అనిపిస్తే పరుగు మొదలవకముందే ఆపమని చెప్పండి. వెనక వరుస ఎంత పొడవున్నా సరే.